మా అత్తమ్మ మార్చిన చాప్స్

నా చిన్నప్పుడు మెట్టుగూడలోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం వచ్చిందంటే చాలు, ఆకలికన్నా ముందు విసుగు మొదలయ్యేది.

చర్చి నుంచి రాగానే మా మేనత్త కొంగు దోపుకొని పెరట్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చునేది. ఎముకతో సహా కోసిన పంది మాంసం ముక్కలను మేం చాప్స్ అనేవాళ్లం. మా నాయనమ్మ కొత్త కాపురంలో, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర నేర్చుకున్న వంట అది. ముక్కలను మిరియాలు, వెల్లుల్లి, వెనిగర్‌లో ముందురోజే నానబెట్టి, ఇనుప జాలీ మీద నల్లబడేదాకా కాల్చాలి. నాయనమ్మ పోయాక ఆ పని అత్తమ్మ మీద పడింది. వారమంతా బడిలో పిల్లలతో అరిచి అరిచి, ఉన్న ఒక్క సెలవు రోజూ ఆవిడ పొగలో కళ్లు తుడుచుకుంటూ గడిపేది.

ఇంత చేస్తే మా తాతయ్య ఒక ముక్క కొరికి కంచం పక్కకు జరిపేవాడు. "మీ అమ్మ చేసినట్టు లేదు బిడ్డా. సిర్కా తక్కువైంది," అనేవాడు. అత్తమ్మ మరుసటి వారం ఇంకాస్త వెనిగర్ పోసేది. ఆ ఘాటుకు నాకు దగ్గు వచ్చేది. ఇంకొంచెం కాల్చాలనేవాడు. కాలిస్తే ముక్క చెప్పు తోలులా తయారై మా అందరి దవడలూ నొప్పి పెట్టేవి. పోనీ వేరే కూర వండుతానంటే వద్దనేవాడు. పద్ధతి మారుస్తానంటే అసలే ఒప్పుకునేవాడు కాదు. "ఏం పరేషాన్ చేస్తున్నడే మీ తాత!" అంటూ అత్తమ్మ పటకారు విసిరికొట్టేది.

ఒక ఆదివారం కంచాలు తీస్తూ ఆవిడ ఆగిపోయింది. తాతయ్య కంచంలో, ఎముకల కింద, నమిలి నమిలి మింగలేక దాచిన పిప్పి ఉంది. పైకి కనబడే ముందు పళ్లు బాగానే ఉన్నాయి గానీ, నమిలే పళ్లు పోయిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మ ఆ కంచాన్ని చాలాసేపు చూసింది. "చెప్తే ఏం పోతుండె ఈయనకు," అని గొణిగింది.

తరువాతి వారం ఆయనకు తెలియకుండా వంట మార్చేసింది. వెనిగర్ బాగా తగ్గించింది. మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి నూరి, పెరుగులో కలిపి ముక్కలకు పట్టించింది. జాలీ మీద రెండు వైపులా రంగు రాగానే, పైన మూత బోర్లించి, లోపలిదాకా ఉడికేలా సన్నటి సెగ మీద ఉంచింది. నన్ను మాత్రం నోరు మూసుకోమంది.

తాతయ్య మొదటి ముక్క నోట్లో పెట్టుకొని మెల్లగా నమిలాడు. తరువాత ఎముకను అంటుకున్న పోగు కూడా వదలకుండా తిని, ఇంకొకటి అడిగాడు. కళ్లు చెమర్చాయి. "ఇగో, ఇది మీ అమ్మ చేసినట్టున్నది. ఇన్నాళ్లకు నేర్చినవ్ బిడ్డా!"

నాకు ఒళ్లు మండిపోయింది. బొప్పాయి సంగతి చెప్పబోతుంటే, బల్ల కింద అత్తమ్మ నా కాలు గట్టిగా తొక్కింది. "అవును నాయినా, నువ్వు చెప్పినట్టే చేసిన," అంది ఏమీ ఎరగనట్టు.

గిన్నెలు తోమేటప్పుడు మాత్రం ఆవిడ ఊరుకోలేదు. ప్రతి గిన్నెనూ మోగించింది. ఎందుకు చెప్పలేదని నేను నిలదీశాను. "పొగల సచ్చుడు నాది, పేరు అమ్మది!" అని కసురుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి, "చెప్తే గొప్ప నాకొస్తది గని, ఆయన తినుడు బంద్ చేస్తడు. జెర కడుపునిండ తిననియ్యి," అంది. ముఖంలో చిరాకు అలాగే ఉంది.

తాతయ్య బతికినన్నాళ్లూ అవి నాయనమ్మ చాప్స్‌గానే చెల్లాయి. మేమూ అలాగే అన్నాం.

ఇప్పుడు మా కోడలు వాటిని ఓవెన్‌లో పెడుతుంది. తేనె, సోయా సాస్ పూస్తుంది. మాంసం తియ్యగా ఉండటమేమిటని నాకు తిన్న ప్రతిసారీ చిరాకే. మొన్న మనవరాలు వేళ్లు నాకుతూ, "నాయనమ్మా, ఇది నువ్వే నేర్పినవంట గదా? మమ్మీ చెప్పింది," అంది. కోడలి వైపు చూశాను. ఆమె తల వంచుకొని వడ్డిస్తోంది.

"లేదు బిడ్డా, ఇది మీ మమ్మీ సొంతంగ చేసింది," అన్నాను, ఆమెకు వినబడేలా.

ఆ తేనె నాకింకా నచ్చలేదు. కానీ ఎవరింట్లో ఏది తిన్నా, చెయ్యి కడుక్కోకముందే ఆ వంట ఎవరిదో వాళ్ల ఎదుటే చెబుతాను. మా అత్తమ్మ మాత్రం ఆ చాప్స్ తనవేనన్న మాట వినకుండానే పోయింది.