గిన్నెలు కడగడానికి మనిషి

కోసిగి నుంచి పత్తికొండ పోయే బస్సులో నా పక్కన కూర్చున్నాయన, దొంగతనం కేసులో జైలుకు పోయి వచ్చానని తానే చెప్పాడు.

“ఊరంతా ఇండ్లకు తాళాలేసి మిరపకోతలకు పోతాండారప్పా. ఆడ అందరూ ఒకే గుడిసెలో పండుకోవల్ల, దొంగోణ్ణి పిల్చుకపోనని కూలోళ్ల మేస్త్రీ చెప్పె. ఊర్లోనే ఉంటే, ఎవురింటి తాళం పగిలినా నన్నే పట్టకపోతారు. యాడికి పోవల్ల?”

సంచిలో నా టిఫిన్ కొట్టుకని రాయించిన బోర్డు ఉంది: ‘గిన్నెలు కడగడానికి మనిషి కావలెను.’ ఆ సంగతి చెప్పకుండా సంచిని ఇటుపక్కకు జరుపుకున్నాను. నోరు మాత్రం ఊరుకోలేదు.

“జైలంటే అత్తగారిల్లే గదప్పా! మళ్లీ ఆడికే పో. కూడు పెట్టి కాపలా కూడా కాస్తారు” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆదోనిలో బస్సు ఆగగానే నా సంచి ఎత్తుకుని దిగాడు. పరుగెత్తలేదు. నా కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు.

“దొంగా అని అరువప్పా. పోలీసాయప్ప ఆడనే ఉండాడు.”

అంతమందిని నవ్వించిన నా నోరు అప్పుడు పెగల్లేదు. ఆయన కాసేపు చూసి, సంచిని కిటికీలోంచి నా ఒళ్లో పెట్టాడు.

“ఇంత మాటకారివి, ఇదీ చేతకాలేదా?” అని వెళ్లిపోయాడు.

బస్సు కదులుతుంటే వెనక బస్టాండులో ఎవరో ఆడమనిషి “దొంగ, దొంగ” అని కేకలు వేసింది. నేను తిరిగి చూడలేదు.

బోర్డు ఇంకా తగిలించలేదు. గిన్నెలు నేనే కడుక్కుంటున్నాను.