నాలుగో స్తంభం అడుగున

మా ముత్తాత, తాత కారంపూడి వైపు రెండు ఊళ్లకు మునసబులు. శిస్తు వసూలైనా, ఎవరి మాట నిజమన్న తీర్పైనా మా అరుగు మీదే తేలేది. నేను మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాల ప్రకంపనలు చూసే ఇంజనీరుగా పనిచేశాను. పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేసవి మరమ్మతులు ముగిసే వారంలో, బట్టీ పెద్ద ఫ్యాను పని నాకు అప్పగించారు. ఆ ఫ్యానును కొత్తగా నాలుగు ఉక్కు స్తంభాల వేదిక మీదికి మార్చారు. నడిపితే వేదికంతా అదురుతోంది. బట్టీ వెలిగించడానికి నాలుగు రోజులే గడువు.

ఏ కట్టడానికైనా తనవైన ఊపులు కొన్ని ఉంటాయి. దాని బరువునూ బిగువునూ కలిపి సంఖ్యల పట్టికగా, అంటే మాత్రికగా రాస్తాం. ఆ మాత్రిక చాలా కదలికల రూపాన్ని మార్చేస్తుంది. కొన్నిటిని మాత్రం రూపం చెడకుండా ఒక సంఖ్యతో హెచ్చించి వదిలేస్తుంది. ఆ సంఖ్యే ఐగెన్ విలువ. దాని వర్గమూలం నుంచి, కట్టడం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్క వస్తుంది. పరమాణువులో ఎలక్ట్రాన్ శక్తి స్థాయిలనూ భౌతికశాస్త్రం ఇలాంటి విలువలుగానే కనుక్కుంటుంది. మా పనిలో నియమం ఒకటే: యంత్రం వేగం ఈ ఊపుల్లో దేనికీ దగ్గర పడకూడదు.

ఫ్యాను సెకనుకు పదహారు చుట్లు తిరిగేది. నా లెక్కలో వేదిక మొదటి ఊపు పదకొండు, రెండోది ఇరవై రెండు. వేదికలో దోషం లేదని, ఇరుసు అమరిక చూసుకోమని నివేదిక రాసి సంతకం పెట్టాను. ఇరుసు అమర్చింది కోటయ్య అనే కాంట్రాక్టు ఫిట్టరు. అతన్ని పనిలోంచి తీసేయమని మేనేజరు చెప్పేశారు.

కోటయ్యది మా తాతల ఊరే. ఫ్యాక్టరీలో అందరికీ నేను సార్‌ని. అతనొక్కడే ‘మునసబు బాబూ’ అనేవాడు. ఆ పదవులు ఎప్పుడో రద్దయ్యాయి. అయినా ఆ పిలుపు వినడానికే, పని లేకపోయినా వర్కుషాపు మీదుగా నడిచేవాణ్ణి.

మర్నాడు నా గదికి వచ్చాడు.

“ఏంది మునసబు బాబూ, నా పనికి ఎసరు పెట్టారంట?”

“నీ మీద రాయలేదు కోటయ్యా. లెక్క రాశాను.”

“ఆ లెక్క కిందికి దిగి చూసిందా? నాలుగో స్తంభం కాడికి రాండి. బూట్లిప్పి నిలబడండి. బట్టలు మాసిపోతయ్యనుకుంటే నా తువ్వాల పరుస్తా.”

గుమాస్తా నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిరగేశాడు.

అక్కడి ఫిట్టర్లు యంత్రం నడిపాక, స్తంభాలు ఆనే అడుగు ఉక్కు పళ్లేల పక్కన అరికాలు ఆనించి చూస్తారు. మొదటి నివేదిక రాసేముందు నేను అక్కడికి వెళ్లలేదు. స్తంభాల అడుగున్న గుంటలోకి మోకాళ్ల మీద వంగి, సిమెంటు దుమ్ములో పాకాలి. డ్రాయింగులో అడుగు బిగించి ఉందని చూసి సరిపెట్టుకున్నాను.

ఆ రోజు బూట్లిప్పి, కోటయ్య పరిచిన తువ్వాల మీద వంగాను. ఫ్యాను నడుస్తుంటే నాలుగో స్తంభం పళ్లెం నా అరికాలి కింద టపటపా కొట్టుకుంది. పళ్లెం కింద పోయాల్సిన గచ్చు పోయలేదు. స్తంభం రేకు ముక్కల మీద నిలబడి ఉంది. అడుగు వదులుగా ఉందని మార్చి లెక్క వేస్తే రెండో ఊపు పదహారున్నరకు, ఫ్యాను వేగం పక్కకే దిగింది.

రెండో నివేదికకు మధ్యాహ్నమంతా పట్టింది. డ్రాయింగు లోపమని రాస్తే సరిపోతుందని మేనేజరు సలహా ఇచ్చారు. “స్తంభం అడుగు నేను చూడలేదు. మొదటి నివేదిక తప్పు. ఫిట్టరు అమరికలో దోషం లేదు” అని రాశాను. గచ్చు పోసి, గట్టిపడ్డాక ఫ్యాను నడిపితే అదురు పోయింది. కోటయ్య పని నిలిచింది.

“తువ్వాల మాసింది మునసబు బాబూ, ఉతికేదెవరు?” అన్నాడు.

ఇప్పుడు నేనుండేది నరసరావుపేటలో, అద్దె ఇంట్లో. వీధిలో నన్ను అంకుల్ అంటారు. కోటయ్య పోయి రెండేళ్లయింది. ఎవరైనా వెనక నుంచి బాబూ అంటే ఇప్పటికీ ఆగి చూస్తాను.

లెక్క ఎంత సరైనదైనా అది మనం రాసిన మాత్రికకే చెల్లుతుంది; కట్టడానికి చెల్లుతుందో లేదో అడుగు చూశాకే తెలుస్తుంది. తప్పు తెలిస్తే ఆ రోజే రాయాలి. మా తాత తన తప్పు ఒప్పుకుని రాయలేదు. మా పొలం హద్దు తగాదాలో పొరపాటు తనదేనని సర్వేయరు తేల్చాక కూడా పై కోర్టుకు వెళ్లారు. కాలువ కింది పన్నెండెకరాల మాగాణి ఆ దావా ఖర్చులకే అమ్మేశారు.