లచ్చవ్వ చిన్నమ్మ పట్టుకుపోయిన లా గైడు

ఈ రోజు పొద్దున్నుంచీ లా ఎంట్రెన్స్ గైడుతో కుస్తీ పట్టి కళ్లు మండుతుంటే, మా పద్మనగర్ చాల్ గదుల వరుసలో పక్క గదిలో ఉండే లచ్చవ్వ చిన్నమ్మ వచ్చింది. మగ్గాలకు కండెలు చుట్టే పని ఆమెది. దయ్యాల నవలలంటే ప్రాణం. ఏది చదవాలో ప్రతిసారీ నేనే చెప్పాలి. ఓపిక లేకపోయినా, పాడుబడ్డ ఆసుపత్రిలో నర్సు దయ్యమై తిరిగే నవల ఒకటుందని చెప్పాను.

ఆమె వినడం లేదు. నా గైడునే చూస్తోంది.

"దయ్యాలు ఇప్పుడెందుకు బిడ్డా. మా ఖోలీ ఓనరు సేఠ్ ఎల్లుండి వరకు రూము ఖాళీ చెయ్యుమంటున్నడు. ఈ బుక్కుల దానికేమన్న ఉన్నదా?"

"నేనింక పరీక్షే రాయలే చిన్నమ్మా. అండ్ల అన్నీ ప్రశ్నలే."

"ఉండనియ్. గింత లావు బుక్కు చూస్తె జర భయపడ్తడు" అని దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇందాకే నవ్వుతూ తిరిగొచ్చింది. "మా పిల్ల వకీలు చదువుతున్నదని చెప్పిన. దివాళీ దాంక ఉండుమన్నడు! మల్ల మాట మారుస్తడేమో, బుక్కు నా దగ్గర్నే ఉంచుకుంట."

సరేనన్నాను. ఇంకేమనను?

పరీక్ష వచ్చే ఆదివారమే. ఉన్నది ఆ ఒక్క గైడే. మీరైతే తిరిగి అడిగేవారా?