జ్యోత్స్నలో స వత్తు

పాప బడికి మూడు అర్జీలు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ ఉదయం నాలుగోది రాద్దామని సిరాబుడ్డి మూత తీశాను. ఆ ఘాటు వాసనకు, నంద్యాల బడిలో మాకు తెలుగు చెప్పిన హుసేన్ సాయిబు అయ్యవారు గుర్తొచ్చారు. సాయిబు తెలుగు చెప్పడమేమిటని నవ్వినవాళ్లే తమ పిల్లల పేర్లు ఆయనతో రాయించుకుపోయేవాళ్లు.

ఏడేళ్ల కిందట, యాభైమూడులో, నాకు ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ ఓబులమ్మ అని పెట్టమంది. మా ఇళ్లల్లో అప్పటికే ముగ్గురు ఓబులమ్మలు. ఒకరిని పిలిస్తే ముగ్గురూ పలికేవాళ్లు. కొత్త పేరు కావాలని ఆళ్లగడ్డలో బస్సెక్కి అయ్యవారి దగ్గరికి పోయాను. పాప పున్నమినాడు పుట్టిందని చెబితే, కాగితం మీద 'జ్యోత్స్న' అని రాసిచ్చారు. వెన్నెల అని అర్థమట. జ్యోతి అనే మాటా, ఇదీ ఒక తల్లి పిల్లలేనట. నోరు తిరగని పేరు, జాగ్రత్తగా కాపాడుకోమన్నారు.

నోరు నిజంగానే తిరగలేదు. మా అమ్మకు జోచన, పాలామెకు జోసన, వీధి పిల్లలకు జోస్నా. అవి నోటి మాటలని సహించాను. కానీ పాపను ఆళ్లగడ్డ బడిలో చేర్చిన రోజు గుమాస్తా రిజిస్టరులో 'జోష్ణ' అని రాశాడు. దిద్దమన్నాను. అతను తల కూడా ఎత్తలేదు.

"పిలిస్తే పలుకుతాది గదన్నా, ఇంగేం కావల్ల?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆ నవ్విన ముఖాలు నాకు ఒక్కొక్కటీ గుర్తే.

ఆ కోపంలోనే అర్జీ రాసి నంద్యాలకు తీసుకుపోయాను. అయ్యవారు చదివి, కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివారు.

"ఆ గుమాస్తా అక్షరాలు మార్చినాడు. నువ్వు స వత్తును ఏకంగా మింగినావు గదప్పా."

నిజమే. నా బిడ్డ పేరును నా చేత్తోనే 'జ్యోత్న' అని రాశాను. కాగితం చించబోతే చేయి పట్టుకున్నారు. తన పేరు కూడా బడి రికార్డులో 'ఉసేను' అనే ఉందని అప్పుడు చెప్పారు. ఉద్యోగంలో చేరిన రోజే చూశారట. ఇంత చిన్నదానికి గొడవెందుకని ఊరుకున్నారట.

"ఇప్పుడు దిద్దమంటే, ఇన్నేండ్లూ దాని కిందనే సంతకం పెట్టినావు గదా అంటాండారు. నీ పాప ఆ తప్పును నేర్చుకోకముందే అడుగు. ముందు నువ్వు సరిగ్గా రాయి."

పోయిన ఎండాకాలం ఆయన చనిపోయారు. ఇప్పటికీ ఏ కాగితం రాసినా, పంపేముందు అందులోని పేర్లను వేలు పెట్టి వత్తు వత్తుగా చదువుకుంటాను.

నిన్న సాయంత్రం పాప పలక మీద తన పేరు రాసి సంబరంగా చూపించింది. జోష్ణ. నేను దిద్దబోతే, బడిలో ఇట్లే రాయమన్నారు నాయనా అని పలక లాక్కుంది.

బడి పెద్దయ్యవారూ, ఇది నా నాలుగో అర్జీ. రిజిస్టరు దిద్దండి. దిద్దబోమంటారా, దిద్దబోమని రాసి సంతకం పెట్టండి. ఏది రాసినా నా బిడ్డ పేరు రాయక తప్పదు. జవాబు ఇవ్వండి.