అడవి వాటా

మా పెద్దమ్మని మేం పనిచేసే గింజల షెడ్డులో అందరూ మూడోవంతు అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. నూనెచెట్ల కింద రాలిన కాయల్లో రెండు వంతులు మనవి, మూడో వంతు అడవిది అని నియమం పెట్టింది ఆమే. అడవిని కాపాడే ప్రాజెక్టు వాళ్ళూ, ఆ గింజల నూనెతో ముఖానికి రాసుకునే క్రీము చేసే కంపెనీ వాళ్ళూ వచ్చి మాతో ఒప్పందం రాసుకున్న రోజునే పెట్టింది. ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్క దోసెడు తగ్గనివ్వలేదు. కాయలకోసం కొమ్మ దులిపాడని మా బాబాయితో నెల రోజులు మాట్లాడలేదు. ఆయన ఆమెకి సొంత మరిది.

ఆ క్రీము డబ్బా మూత మీదున్న చేతులు పెద్దమ్మవే. దోసిట్లో గింజలు, కింద ‘అడవి వాటా అడవికే’ అన్న అక్షరాలు. మా ఇంట్లో ఆ క్రీము ఎవరూ రాసుకున్న పాపాన పోలేదు. “నా చేతుల బొమ్మేసి అమ్ముతున్నారు, నా చేతులు చూస్తే మొద్దు బెరడు” అని నవ్వేది. అయినా ఖాళీ డబ్బా ఒకటి కిటికీలో పెట్టుకుంది. వచ్చినవాళ్ళకి కనబడాలిగా.

మా పని పెద్ద విద్యేం కాదు. చెట్ల కింద శుభ్రంగా ఊడ్చి, రాలిన కాయలన్నీ షెడ్డుకి తెస్తాం. తొక్క తీసి గింజల్ని నీళ్ళతొట్టిలో పోస్తాం. మునిగిన వాటిలో నూనె ఉంటుంది, అవి కంపెనీకి. తేలినవి అడవికి. తేలేవి ఎప్పుడూ మూడో వంతుకి తగ్గవు కనుక నియమం ఇట్టే కుదిరిపోయింది. సాయంత్రం వాటిని బుట్టకెత్తుకుని వెళ్ళి పెద్దమ్మే చెట్ల మధ్య చల్లి వచ్చేది. మోకాళ్ళు అరిగినా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. నేను వెళ్తానంటే, “నువ్వు కుప్పగా పారబోసి వస్తావు. నీ సంగతి నాకు తెలీదా?” అనేది. నిజమే, పారబోసేదాన్నే.

ఈ ఏడు ప్రాజెక్టు వాళ్ళు మొక్కలు లెక్కపెట్టడానికి ఒక మేడంని పంపారు. ఆమె మూడు రోజులు అడవంతా తిరిగి, నాలుగో రోజు షెడ్డు గుమ్మంలో కూలబడింది.

“పెద్దమ్మగారూ, నూనెచెట్లన్నీ ముసలివే. నడుమెత్తు మొక్క ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి.”

మేం నమ్మలేదు. కాళ్ళకింద పచ్చగా ఉంటే అన్నీ మన మొక్కలే అనుకున్నాం. పెద్దమ్మ లేచి స్వయంగా వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

“అన్నీ వేరే మొక్కలే. ఎవరో దొంగ వెధవలు నేను చల్లి ఇటు రాగానే ఏరుకుపోతున్నారు” అంటూ బాబాయి వైపు చూసింది.

“వదినా, నాకింకేం పని లేదనుకున్నావా!” అని ఆయన లేచాడు.

మేడం వాళ్ళ గొడవ వినడం లేదు. తొట్టి వైపు చూస్తోంది.

“అడవిలో ఏవి చల్లుతారు?”

“తేలినవమ్మా.”

“తేలినవే ఎందుకు?”

“వాటిలో నూనె ఉండదుగా. అడవికి నూనెతో పనేముంది?” అంది పెద్దమ్మ, చాలా మామూలుగా. నేనైనా అదే మాట అనేదాన్ని.

మేడం జేబులోంచి చిన్న కత్తి తీసి తేలిన గింజ ఒకటి కోసింది. లోపల నల్లటి పొడి. రెండోది కోసింది. పురుగు తినేసిన డొల్ల. మూడోదాంట్లో అసలేమీ లేదు. తర్వాత మునిగిన గింజ కోసి చూపించింది. తెల్లటి పప్పు, దాని కొసన చిన్న మొలక ముక్కు.

“మొక్క వేరూనేదాకా ఈ నూనే దాని తిండి, పెద్దమ్మగారూ.”

పెద్దమ్మ ఆ కత్తి లాక్కుని, తేలిన గింజల బుట్ట ముందు చతికిలబడింది. “ఒక్కటైనా ఉంటుంది” అంటూ కోసింది. ఇంకోటి కోసింది. బుట్ట సగమయ్యేదాకా కోస్తూనే ఉంది. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ మూత మీద బొమ్మ వేసినవాళ్ళ మీద, ఏటేటా వచ్చి భేష్ అని రాసి వెళ్ళిన తనిఖీ వాళ్ళ మీద. కానీ రోజూ తొట్టి దగ్గర నిలబడిందెవరు? నేనేగా! ఏ ఒక్కనాడూ తేలిన గింజ కోసి చూడలేదు.

పెద్దమ్మ చివరికి కత్తి కింద పెట్టింది. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ నేనేనర్రా” అంది. బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేకపోయింది.

మర్నాడు మేం వెళ్ళేసరికి ఆమె మునిగిన గింజల బస్తా మూతి విప్పి బుట్టలు నింపుతోంది. కంపెనీ సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

“మూడోవంతూ! అవి కంపెనీవి!”

“ఇకనుంచి అడవి వాటా వీటిలోంచే.”

“కంపెనీ వాళ్ళు ఊరుకోరు.”

“మూత మీదున్న చేతులు నావి. ఇష్టం లేకపోతే చెరిపేసుకోమను.”

మేడం పక్కనే నిలబడి ఉంది. పెద్దమ్మ ఆమెనడిగింది, “ఇప్పుడు వేస్తే ఎన్నేళ్ళకి కాపుకొస్తుందమ్మా?”

“పదిహేనేళ్ళు పడుతుంది.”

పెద్దమ్మకి అరవై తొమ్మిది. ఆమె కాసేపు గింజలకేసి చూసి, నా వైపు తిరిగింది.

“నీకెన్నేళ్ళే?”

“ముప్పై ఆరు.”

“చాలు” అని బుట్ట ఎత్తి నా నెత్తిన పెట్టింది. “కుప్పగా పారబోశావంటే ఊరుకోను.”