తుప్పు పట్టిన తలుపు వెనక

"ఇందులో తూటా లేదని మీకెలా తెలుసండీ?" అని ఏలూరు నుంచి వచ్చిన మావారి స్నేహితుడు అడిగినప్పుడు నా చేతిలో పెసరట్టు ప్లేటు ఉంది. మావారు పాత తుపాకీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. దాని మూతికి ఎదురుగా మా చిన్నాడు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలకు రంగులు వేస్తున్నాడు.

మావారు నవ్వారు. "ముత్తాతల నాటిదండీ. తూటా ఉన్నా ఏం చేస్తుంది?"

"ఎప్పుడైనా తెరిచి చూశారా?"

"తెరుచుకోదండీ, పట్టేసింది. బలవంతం చేస్తే తుప్పు రాలిపోతుంది. తుప్పు పోయాక దానికి విలువేముందండీ?"

నేను ప్లేటు కింద పెట్టి, చిన్నాణ్ణి రెక్క పట్టుకుని లేపి వంటింట్లోకి పంపాను.

తుపాకుల చరిత్రలో మావారికి తెలియనిది లేదు. మొదట్లో మందూ గుండూ మూతి నుంచే దట్టేవారట. తర్వాత వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చింది. అప్పటికే గుట్టలుగా ఉన్న పాత తుపాకులను దొరలు పారేయలేదు. గొట్టం వెనక ముక్క కోసేసి, అక్కడ పక్కకు తెరుచుకునే చిన్న ఇనుప తలుపు బిగించారు; మావారి తుపాకీ ఆ రకమే. పాత చీరకు కొత్త ఫాల్ కుట్టుకున్నట్టేగా అంటే మావారికి కోపం వచ్చింది. అన్నీ యంత్రాల మీద చేసినవి కాబట్టి ఒక తుపాకీ మర ఇంకో తుపాకీకి సరిగ్గా సరిపోతుందని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. మా వంటింట్లో ఏ మూత ఏ డబ్బాదో మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఈ తుపాకీ ముదినేపల్లి దగ్గర ఒక పాత మేడ అటక మీద దొరికింది. సైన్యం వదిలించుకున్నాక ఎవరో దీన్ని కొల్లేట్లో పిట్టల వేటకు వాడారని ఆయనే చెప్పారు. అంటే దీన్ని చివరగా పట్టుకున్నవాడు, ఏ పిట్టా చిక్కక, పెట్టిన తూటా పెట్టినట్టే ఇంటికి తెచ్చి అటకెక్కించి ఉండవచ్చు. ఆ స్నేహితుడు అడిగేదాకా నాకిది తట్టలేదు. వాడకానికి పనికిరాని పాత వస్తువు కాబట్టి లైసెన్సు అక్కర్లేదని మావారి వాదన. పనికిరాదని తేల్చింది ఎవరయ్యా అంటే, ఆయనే.

స్నేహితుడు వెళ్ళగానే పిల్లల్ని పక్కింటి పిన్నిగారికి అప్పగించాను. తుపాకీ మూతి పెరటి గోడవైపు పెట్టించి, మేడ మీద టమాటా మొక్కకు ఊతంగా కట్టిన సన్నటి వెదురుపుల్ల తెచ్చాను. పక్కకు నిలబడి దాన్ని గొట్టంలోకి ఆగినంతవరకు దూర్చాను. మూతి దగ్గర వేలు బిగించి బయటికి లాగి, గొట్టం పక్కన ఆనించి చూశాను.

"ఏవండీ, పుల్ల తలుపు దాకా వెళ్ళలేదు. బొటనవేలంత దూరం ఉండగానే ఆగిపోయింది."

"తుప్పు అడ్డం వచ్చి ఉంటుందిలే."

"కందిరీగ గూడైనా కావచ్చు, తూటా అయినా కావచ్చు. ఏదో మీకు తెలుసా?"

మావారు పుల్లవంక చూశారు, తుపాకీవంక చూశారు. "తెలియదు," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయించాను. దాన్ని ముట్టుకోవద్దని, ఇంట్లో ఎవరూ ఉండవద్దని, పొద్దున్నే ఆ పని తెలిసినవాళ్ళను పంపుతామని చెప్పారు. మావారు అన్నీ విని, చివర్లో మెల్లగా అడిగారు: "తుపాకీ తలుపు విరగ్గొట్టరు కదండీ?"

ఆ రాత్రి పక్కింట్లోనే పడుకున్నాం. తెల్లవారాక మా పెద్దది అడిగింది, "అమ్మా, అందులో ఏమీ లేదని నాన్న అన్నారుగా?"

ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఎవరు ఖాళీ అన్నా సరే, తుపాకీలో తూటా ఉందనే అనుకోండి. నాన్నగారు అన్నా అంతే. అది ఎక్కడ చేశారో, ఏ మిషన్ మీద చేశారో ఆయన్ని అడగండి, చక్కగా చెబుతారు. లోపల ఏముందో మాత్రం తెరిచి చూసినవాళ్ళనే అడగాలి."