అడుగున గిద్దెడు పులుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక నల్లటి మట్టికుండ ఉండేది. దాన్ని ఎవరూ పూర్తిగా ఖాళీ చేసేవాళ్లు కాదు, కడగడం అంతకన్నా లేదు. పొద్దుగూకే వేళ మా అవ్వ తైదపిండిని, అదే రాగిపిండిని, నీళ్లలో కలిపి అందులో పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి అది పులిసి, పైన సన్నగా నురగ కట్టేది. ఆ పులిసిన పిండినీళ్లు తీసి, నూకలు వేసి కాచి, చల్లారాక మజ్జిగ కలిపితే అంబలి. తీసేటప్పుడు అడుగున గిద్దెడు మిగల్చాలి. సాయంత్రం పోసే కొత్త పిండిని పులియబెట్టేది ఆ గిద్దెడే. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు, నాయనమ్మను బాపమ్మ అంటాం. ఆ కుండ బాపమ్మది. ఆమె పోయి ఏడాది దాటినా కుండ మాత్రం ఆగలేదు.

ఇప్పుడు జనగామలో కొడుకు ఇంట్లో, రెండు గదుల మధ్య తిరుగుతూ ఇదంతా తలుచుకుంటున్నాను. షుగర్ ఉంది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. దవాఖానకు పోతే తైదలు తినమంటారు, పులిసిన అంబలి పొట్టకు మంచిదంటారు. కొడుకు ఫోన్‌లో అదే మాట ఎవరెవరో గంటలకొద్దీ చెబుతుంటారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఏ తిండిని సిగ్గుపడి వదిలేశామో, దాన్నే రంగుల పాకెట్లలో కొనుక్కుంటున్నాం. చెప్పేవాళ్ల తప్పేం లేదు. వినీ వినీ నాకే ఓపిక పోయింది.

మాది బచ్చన్నపేట దగ్గర పల్లె. నాకు పదేళ్లప్పుడు వరుసగా రెండేళ్లు వానలు పడలేదు. మా బాపు బతుకుదెరువుకు బొంబాయి పోయి, పత్తి ఏరే రోజుల్లో కామెర్లతో తిరిగొచ్చాడు. కళ్లు పచ్చగా, కాళ్లు చేతులు పుల్లల్లా ఉన్నాయి. అన్నం పెడితే కక్కేవాడు, పాలు తాగినా కక్కేవాడు. కడుపులో నిలిచేది ఒక్క ఆ కుండ అంబలే. దవాఖానలో సూదులు కూడా వేయించారు, అబద్ధం ఎందుకు? కానీ సూదికీ సూదికీ మధ్య మనిషి నిలవడానికి ఏదో ఒకటి లోపలికి పోవాలి కదా. అవ్వ రోజూ పొద్దున్నే ఆయనకు ఒక ముంత తాగించి పత్తికి పోయేది.

ఆ రోజుల్లోనే బడిలో నా పక్కన కూర్చునే పటేలు బిడ్డ నోటుబుక్కు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. గడపలో అడుగుపెట్టగానే కొంగు లేని పిల్ల, గౌను అంచుతో ముక్కు మూసుకుంది.

"గిదేం వాసనే? మీ ఇంట్ల ఎలుక చచ్చిందా ఏంది?"

 వాళ్ల ఇంట్లో మిల్లు బియ్యం, తెల్లటి అన్నం. మా ఇంట్లో ఈ కుండ. ఆ పిల్ల పోయాక సిగ్గుతో నా చెవులు మండాయి. అవ్వ పత్తికి పోయింది, బాపు మంచంలో నిద్రపోతున్నాడు. కుండను వాకిట్లోకి ఈడ్చి, అడుగున ఉన్నదంతా చెట్టు మొదట్లో పారబోశాను. బూడిదతో, పీచుతో తోమాను. చాలదని వేడినీళ్లు పోసి, మళ్లీ తోమి, ఎండలో బోర్లించాను. ఎంత మంచి పని చేశానో అని అవ్వ కోసం గడపలోనే ఎదురుచూశాను.

అవ్వ వచ్చి బోర్లించిన కుండను చూసింది. నన్ను కొట్టలేదు. నెత్తి మీది మూట దించి అక్కడే నేల మీద కూలబడింది.

"ఎంత పని జేస్తివే పిల్లా. ఇగ మీ బాపు ఏం తాగాలె?"

ఆ సాయంత్రం అలాగే కొత్త పిండి కలిపి పోసింది. చలికాలం, పైగా పాత పులుపు లేదు. తెల్లారి చూస్తే పిండి పిండిగానే, నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. దాన్నే కాచి ఇస్తే బాపు తాగినంత సేపు పట్టలేదు కక్కడానికి. అవ్వ వాడంతా తిరిగింది. అప్పటికే సగం ఇళ్లు మిల్లు బియ్యానికి మారిపోయాయి, మిగతావాళ్లు కుండలు అటకెక్కించారు. ఇంకా అంబలి ఏందని ఒకామె నవ్వింది కూడా. మూడోరోజుకు బాపు తల ఎత్తలేకపోయాడు. నా చేతులతో నేనే ఆయన నోటి దగ్గరి ముంత లాక్కున్నానని నాకు తెలుసు. ఆ వయసులో అంత బరువు మోయడం ఎలాగో తెలియక, కొట్టంలో బర్రె పక్కన కూర్చుని ఏడ్చాను.

వారానికొకసారి కట్టెల మోపుతో మా వాడకు లంబాడీ తండా నుంచి ఒక ముసలామె వచ్చేది. అందరూ ఆమెను యాడి అనేవాళ్లు. వాళ్ల ఇంటి భాషలో యాడి అంటే అమ్మ. ఆ రోజు మోపు దించి మంచినీళ్లు అడిగి, బాపును చూసింది, అవ్వ చెప్పింది విన్నది. నా ఉబ్బిన మొహం కూడా చూసినట్టుంది.

"చెంబు పట్టుకొని నా ఎంట రా బిడ్డా" అన్నది, అంతే.

తండా మా ఊరికి రెండు మైళ్లు. దారి పొడుగునా యాడి ఒక్క మాట అడగలేదు, నన్ను తిట్టలేదు. నాకు భయమేసింది. ఇంటికి చేరాక మూలన ఉన్న కుండ దగ్గరికి తీసుకుపోయి మూత తీసింది. అలవాటుగా నా చెయ్యి ముక్కు మీదికి పోయింది. యాడి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ముక్కు మూసుకోకు. మంచిగ వాసన జూసి చెప్పు, గిది ఎవరి ఇంటిది?"

కుండ మీదికి వంగాను. పుల్లగా, కొంచెం పొగగా, కొంచెం తీయగా ఉంది. బాపమ్మ చీర కొంగుకు ఉండే వాసన అది. నాకు ఏడుపు ఆగలేదు.

"మా ఇంటిది" అన్నాను.

యాడి తలూపింది. "నా పెద్దకొడుకు పుట్టినప్పుడు గిట్లనే కరువు. నాకు పాలు పడలే. మీ బాపమ్మ చెంబెడు పులుపు, దోసెడు తైదపిండి తెచ్చిచ్చింది. ఊరోళ్లకు చెప్పకు, అడిగినోళ్లకు మాత్రం లేదనకు అన్నది. గా పులుపే గిది."

ఊళ్లో మా వాళ్లు తండాలో మంచినీళ్లు కూడా తాగని రోజులవి. బాపమ్మ ఎవరికీ తెలియకుండా అక్కడి దాకా నడిచిపోయిందని ఆ రోజు దాకా మాకు తెలియదు. యాడి నా చెంబు నింపి, మోదుగాకు కప్పి, కుండ అడుగున తన గిద్దెడు ఉంచుకుంది. చెంబు ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని నడిచాను. ఇంటికి చేరేసరికి భుజాలు పడిపోయాయి.

అవ్వ చెంబు తీసుకుని కుండలో పోస్తుంటే, అంబలి ఏందని నవ్విన ఆమే గోడ మీది నుంచి తొంగిచూసి, తండా నుంచి తెచ్చింది తాగుతారా అని అడిగింది. అవ్వ తల ఎత్తలేదు.

"మా అత్తదే. తిరిగొచ్చింది" అన్నది.

తెల్లారి నురగ కట్టింది. బాపు ముంత తాగాడు. ఆయన ఎప్పుడు కక్కడానికి వాకిట్లోకి వంగుతాడో అని నేనూ అవ్వా మధ్యాహ్నం దాకా ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాం. వంగలేదు. పొద్దు తిరిగాక, ఇంకో ముంత ఉందా అని అడిగాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు.

ఆ పులుపు పెళ్లయ్యాక నాతో వచ్చింది. అడిగినవాళ్లకు ఇస్తూ వచ్చాను. అడిగినవాళ్లు తక్కువే, నవ్వినవాళ్లు ఎక్కువ. మూడేళ్ల కిందట, జనగామలోనే రెండు వీధుల అవతల ఉండే ఆ పటేలు బిడ్డ స్టీలు డబ్బాతో వచ్చింది. ఆమెకూ షుగర్, ఆమెకూ అదే సలహా. ఎలుక మాట నాలుక చివరి దాకా వచ్చింది. గుర్తుచేసే ఓపిక లేక డబ్బా నింపి పంపాను.

పోయిన చలికాలం కాలి పుండుతో పది రోజులు దవాఖానలో పడ్డాను. ఇంటికి వచ్చేసరికి మా కోడలు కుండను సబ్బుతో తోమి బోర్లించింది. అత్తమ్మ వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలని.  పదేళ్ల నన్ను చూసినట్టే ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నాను. నా ముఖం చూసి కోడలు ఇరుగుపొరుగును అడిగి, ఎవరెవరికో ఫోన్లు చేసిందట. మర్నాడు పటేలు బిడ్డ మెట్లెక్కలేక రొప్పుతూ వచ్చి, స్టీలు డబ్బా నా మంచం మీద పెట్టింది.

మూత తీసి వాసన చూశాను. మా ఇంటిదే.

సగం కుండలోకి వంపించి, మిగతా సగం డబ్బాతోనే ఆమెకు తిరిగి ఇప్పించాను. ఇప్పుడు పిండి కలిపేది కోడలే, నాకు కుండ ఎత్తే బలం లేదు. చాలా సంగతులు మరిచిపోతున్నాను, మాత్రలు వేసుకున్నానో లేదో కూడా. కానీ ఏ గిన్నె తోమబోయినా ఇప్పటికీ ఒకసారి ఆగి అడుగు చూసుకుంటాను.